బాకీ ఉండగా తెస్తే మన యంత్రమైనా దొంగతనం కేసే

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా నాన్నగారు పోయే ముందు కొన్న రోటావేటర్ (ట్రాక్టర్‌కు తగిలించి నేల దున్నే యంత్రం) ఉంది. బ్లేడ్ల బోల్టులు తుప్పుపట్టి కదలకపోతే 2024 జూన్ మొదట్లో ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. మొత్తం బాగుచేసి రంగు వేయడానికి 21,000 మాట్లాడుకుని, 12,000 ఫోన్‌పే చేశాను. మిగతాది పంట అమ్మాక ఇవ్వమని వాయిస్ మెసేజ్ పెట్టి యంత్రం పంపించేశాడు. మూడో రోజు దమ్ములోనే (నీళ్లు పెట్టిన పొలం దున్నుతుండగానే) బేరింగ్ పట్టేసింది. విప్పిస్తే, బోల్టులు గ్యాస్‌తో కోసి, కొత్త నట్లను ఫ్లాంజికి (బ్లేడ్లు బిగించే పళ్లేనికి) వెల్డింగ్ పెట్టేశాడని తెలిసింది. ఆ వేడికి చివర ఆయిల్ సీల్ మాడిపోయి బురద లోపలికి పోయింది. తిరిగి తీసుకెళ్లి దించాను. బాగుచేయడు, 9,000 కడితేగానీ ఇవ్వనంటున్నాడు. ఆ షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాన్న గుర్తొచ్చి ఏడుపొస్తోంది. రాత్రిపూట వెళ్లి తెచ్చేసుకోవచ్చా? చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: వెళ్లకండి. ముందు ఆ ఆలోచన మానుకోండి. నేరాలకు శిక్షలు చెప్పే చట్టం, భారతీయ న్యాయ సంహిత, 303వ సెక్షన్‌లో దొంగతనాన్ని వివరిస్తూ అచ్చం మీలాంటి ఉదాహరణే చెప్పింది. గడియారం బాగుచేసినవాడికి బాకీ ఉండి, అతను దాన్ని ఆ బాకీకి హామీగా చట్టప్రకారం అట్టిపెట్టుకున్నప్పుడు, ఆ హామీ పోగొట్టాలని యజమాని పట్టుకుపోతే అదీ దొంగతనమే. శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది. ఈరోజు మీరు బాధితుడు, రేపు పొద్దున ముద్దాయి అవుతారు.

మరి అతను ఆపడం చట్టప్రకారమేనా? కేసంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంది. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, పనిచేసినవాడు తన కూలి అందేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చు. కానీ డబ్బు తర్వాత ఇవ్వమని గడువు ఇచ్చినవాడికి ఆ హక్కు లేదు. ఆ సెక్షన్‌లోనే దర్జీ ఉదాహరణ ఉంది. కోటు కుట్టగానే ఇస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వు అన్న దర్జీ డబ్బు కోసం కోటు ఆపుకోలేడు. మీ మెకానిక్ అన్నదీ అదే మాట. పైగా యంత్రం ఒకసారి మీ చేతికి వచ్చేసింది. రెండోసారి వెళ్లింది లోపం సరిచేయడానికి, ఆ పనికి కొత్త బాకీ ఏమీ లేదు. కాబట్టి పాత 9,000 కోసం దాన్ని ఆపే హక్కు అతనికి పోయిందనే మనం వాదిస్తాం. అయితే పంట అమ్మాక గడువు ముగిసిందిగా అని అతను అడ్డు చెబుతాడు. దాన్ని తేల్చేది న్యాయస్థానమే, మీరు రాత్రిపూట వేసుకెళ్లే ట్రాక్టర్ కాదు.

ఈ వాదనంతా ఆ వాయిస్ మెసేజ్ మీదే నిలబడింది. అది ఏ ఫోన్‌లో ఉందో, ఉందో లేదో కూడా మీరు రాయలేదు! ఫోన్ మార్చేసి ఉంటే పాత ఫోన్ వెతకండి. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి, ఫార్వర్డ్ చేసిన కాపీ చాలులే అనుకోకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. విప్పినప్పుడు తీసిన కాలిన సీల్, కోసిన బోల్టు ముక్కలు ఏమయ్యాయి? పాతసామాన్లవాడికి వేసేసి ఉంటే అది పెద్ద నిర్లక్ష్యం. మిగిలినవి ఒక గోతంలో కట్టి, ఫొటోలు తీసి దాచండి. విప్పిన మెకానిక్‌తో తను చూసింది చూసినట్టు అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇప్పించండి. నట్టు ఫ్లాంజికి అతికి ఉన్న చోట దగ్గరగా తీసిన ఒక్క ఫొటో నాలుగు పేజీల కథ కంటే మీకు మేలు చేస్తుంది.

చీటింగ్ కేసు నిలబడటం కష్టం. పని తీసుకున్నప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, చేతకాని పని మోసం కాదు. స్టేషన్లో పంచాయితీ పెట్టి, ‘ఇక ఏ బాకీ లేదు’ అని సంతకం అడిగితే మాత్రం పెట్టకండి.

మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. మీ నివాసం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సొంత పొలానికే కాక జీవనోపాధి కోసం మీరే కిరాయికి తోలుతున్నా ఫిర్యాదు చెల్లుతుంది. పది యంత్రాలు పెట్టి వ్యాపారం చేస్తుంటే అభ్యంతరం వస్తుంది, అలా ఉంటే దాచకుండా చెప్పండి.

గడువు రెండేళ్లు. బేరింగ్ పట్టేసిన రోజు నుంచి లెక్క, అంటే 2026 జూన్. నోటీసు ఇచ్చినా, అతను రేపు రా, ఎల్లుండి రా అని తిప్పినా ఆ లెక్క ఆగదు. ఇన్ని నెలలు షాపు ముందు తిరిగి పోగొట్టుకున్నది చాలు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపండి. వాయిస్ మెసేజ్ తేదీ రాసి, యంత్రాన్ని 15 రోజుల్లో అప్పగించమనండి. స్పందించకపోతే ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపే ఇచ్చే ఆదేశం) కోసం దరఖాస్తు పెట్టండి. వివాదంలో ఉన్న 9,000 కమిషన్‌లో జమచేస్తానని అందులో రాస్తే, యంత్రం ముందు ఇప్పించమని గట్టిగా అడగొచ్చు. నాట్లకు మరీ అత్యవసరమైతే ఆ డబ్బు అతనికే కట్టి తెచ్చుకోండి. కానీ ‘నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాయించండి. తెచ్చిన రోజే, కొత్త బేరింగ్ వేయించక ముందే, అన్నీ ఫొటోలు తీయించండి.