కౌంటీలకు అప్పగించడం సరైన పనే, ఆ డబ్బు ఎటు పోతోందో చూడండి

‘2011లో కాలిఫోర్నియా చిన్న నేరస్థులను రాష్ట్ర జైళ్లకు బదులు కౌంటీలకు (మన జిల్లాల వంటివి) అప్పగించింది కదా, దొంగతనాలు పెరగడానికి అదేనా కారణం?’ అని అడిగారు.

కార్ల దొంగతనాలు తప్పిస్తే, కాదు. సెంట్రల్ వ్యాలీలో చాలాకాలంగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. జైళ్ల విషయంలో ఈ రాష్ట్రం చేసిన గొప్ప మేలు అదే అంటాను. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘ఖైదీలను ముందే వదిలేశారు’ అన్నది అబద్ధం. ఈ మార్పు తెచ్చిన ఏబీ 109 చట్టం ఎవరినీ గడువుకు ముందు విడుదల చేయలేదు. 2011 అక్టోబరు 1 నుంచి శిక్ష పడేవారిలో హింస, లైంగిక దాడి వంటి తీవ్ర నేరాలు లేనివారిని కౌంటీ జైలుకు పంపడం మొదలుపెట్టింది. అప్పటికి సుమారు 80,000 మంది కోసం కట్టిన రాష్ట్ర జైళ్లలో దాదాపు రెట్టింపు మంది ఉండేవారు. వైద్యం అందక ఖైదీలు చనిపోతుంటే, సంఖ్య తగ్గించి తీరాలని ఆ ఏడాది మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కార్ల దొంగతనాలు కొంత పెరిగాయని పరిశోధకులు తేల్చారు, నిజమే. హింసాత్మక నేరాలు మాత్రం దీనివల్ల పెరగలేదన్నారు.

మా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర ఉండే ఆమెకు ఇద్దరు కొడుకులు. ఈ చట్టానికి ముందు పెద్దవాడికి శిక్ష పడితే ఎక్కడో ఉత్తరాన సూసన్‌విల్‌లోని రాష్ట్ర జైలుకు పంపారు. చూసి రావాలంటే రోజంతా కారులోనే గడిచేది, పైగా ఆ రోజు జీతం పోయేది. రానురాను ఆమె వెళ్లడం మానేసింది. తర్వాత చిన్నవాడు కారు దొంగతనం కేసులో దొరికాడు. శిక్షలో కొంత కౌంటీ జైలులో, మిగిలినది బయట, కౌంటీ ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో గడపాలన్నారు. జైలు మా ఊళ్లోనే ఉండడంతో ఆమె ప్రతి వారం వెళ్లింది. కానీ చూసింది తెర మీద! కొడుకు అదే భవనంలో ఉన్నాడు, తల్లికి వీడియో చూపించారు. కొద్ది నెలల శిక్షలకని కట్టిన ఆ జైలులో ఆరుబయట తిరిగే చోటు సరిగా లేక, అతను బయటికి వచ్చేనాటికి పాలిపోయి ఉన్నాడు.

వచ్చాక మా దగ్గర బియ్యం బస్తాలు దించే పనికి పెట్టుకున్నాను. ప్రొబేషన్ అధికారి స్వయంగా దుకాణానికి వచ్చారు. “ఉదయం పూట మీ ఆఫీసులో హాజరు కావాలంటే ఇక్కడ పనికి ఎలా వస్తాడండీ? మాకు లారీ వచ్చేదే అప్పుడు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “సరే, సాయంత్రానికి మారుస్తాను. లారీ ఏ రోజుల్లో వస్తుందో చెప్పండి” అని రాసుకున్నారు. దాంతో అతని ఉద్యోగం నిలబడింది. జైలు నుంచి వచ్చి రాష్ట్ర పరోల్ అధికారుల పర్యవేక్షణలో ఉన్నప్పుడు పెద్దవాడికి ఇలాంటి హాజరు వల్లే ఒక ఉద్యోగం పోయింది. ఊళ్లో ఉండే అధికారే లారీ వేళలు పట్టించుకుంటాడు.

అయితే ఇలాంటి అధికారులను ఎంతమందిని పెట్టాలో తేల్చేది కౌంటీయే. 2012లో ప్రజలు ప్రతిపాదన 30ని ఆమోదించడంతో ఈ పనికి కౌంటీలకు రావలసిన నిధులకు రాజ్యాంగ రక్షణ వచ్చింది. వాటిని జైలు పడకలకు వాడతారా, మత్తుమందుల చికిత్సకు, ఉద్యోగ శిక్షణకు వాడతారా అన్నది ఏడుగురి సంఘం ప్రతిపాదిస్తుంది: ప్రొబేషన్ అధిపతి, షెరీఫ్, పోలీసు అధిపతి, జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున కేసులు నడిపేవారు), పబ్లిక్ డిఫెండర్ (పేద నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాది), కోర్టు ప్రతినిధి, ఆరోగ్య లేదా సంక్షేమ శాఖవారు ఒకరు. ఆ ప్రణాళికను తోసిపుచ్చాలంటే, కౌంటీని నడపడానికి ప్రజలు ఎన్నుకున్న సూపర్‌వైజర్లలో అయిదింట నాలుగు వంతుల మంది ఓటు వేయాలి. ఆ సమావేశాలకు ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. గుడి కమిటీ ఎన్నికలకు వందల మంది కదిలే మనవాళ్లలో ఒక్కరూ అక్కడ కనిపించరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకొకటి. 2023 నుంచి రాష్ట్ర జైళ్లలో ఫోను ఉచితం. ఆ చట్టం కౌంటీ జైళ్లకు వర్తించదు. శాన్ ఫ్రాన్సిస్కో 2020లోనే తన జైళ్లలో ఉచితం చేసింది, లాస్ ఏంజెలెస్ తర్వాత చేసింది. తక్కువ నేరం చేసి ఇంటి దగ్గరి జైలులో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి మా దుకాణంలో పనిచేసే ఆ తల్లి నిమిషానికి ఇంతని కట్టింది. మీరు ఏ కౌంటీలో ఉన్నారో చూసుకుని, ముందు ఆ సంగతి అడగండి.