మేడమ్, బోర్డు ఫోటో తీసుకోవచ్చా?

డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్కులియా (లెక్కల్లో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని ఇబ్బంది) ఉన్న పిల్లలు తమకు కావాల్సిన వెసులుబాటును తామే అడిగేలా ఎలా తయారు చేయాలి? ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. డిస్లెక్సియా ఉందని రెండేళ్ల కిందట తేలింది. కొత్త టీచరు వచ్చిన ప్రతిసారీ నేనే వెళ్లి చెప్పుకుంటున్నాను. వాణ్ని అడగమంటే ‘వద్దులే అమ్మా’ అంటాడు. వాడితో అడిగించేదెలా? – ఒక తల్లి

జవాబు: ముందు ఒక సంగతి చూసుకోండమ్మా. తన రిపోర్టులో ఏముందో బాబుకు ఎవరైనా చెప్పారా? చాలా ఇళ్లలో ఆ కాగితాలు బీరువాలో ఉంటాయి. పిల్లవాడికి తెలిసింది మాత్రం ‘నాలో ఏదో తేడా ఉంది’ అన్నదొక్కటే. తన ఇబ్బంది ఏమిటో తెలియనివాడు ఏమని అడుగుతాడు?

ఒక పూట ఇరవై నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని మూడే విషయాలు చెప్పండి: వాడికి బాగా వచ్చేవేమిటి, కష్టమయ్యేవేమిటి, ఆ కష్టానికి పనికొచ్చేవేమిటి. రిపోర్టు భాషను ఇంటి మాటల్లోకి మార్చండి. ‘ఫోనలాజికల్ ప్రాసెసింగ్ తక్కువ’ అంటే మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో కలపడం కష్టమని. ‘వర్కింగ్ మెమరీ తక్కువ’ అంటే ఒకేసారి నాలుగు పనులు చెబితే రెండు జారిపోతాయని. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. పర్సంటైల్ 9 అని కనబడితే నూటికి తొమ్మిది మార్కులనుకుని పిల్లలూ, ఒక్కోసారి పెద్దలూ కుంగిపోతారు. అదే ఈడు పిల్లల్ని వందమందిని తీసుకుంటే, ఆ ఒక్క పనిలో సుమారు తొమ్మిదిమంది వాడి స్థాయిలోనో అంతకంటే కిందో ఉంటారని దానర్థం. స్టాండర్డ్ స్కోరు దగ్గర పొరపాటు ఇంకోవైపు జరుగుతుంది. ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి సగటు 100. మూడింట రెండు వంతుల మంది పిల్లలు 85కీ 115కీ మధ్య ఉంటారు. 80 వస్తే ‘నూటికి ఎనభై, బాగానే ఉందిగా’ అనుకుని సాయం అడగడమే మానేస్తారు. నిజానికి ఆ 80కి పర్సంటైల్ దాదాపు 9.

తర్వాత అడిగే మాట. ‘మేడమ్, నాకు డిస్లెక్సియా ఉంది, కొంచెం హెల్ప్ చేయండి’ అంటే టీచరుకు జాలి కలుగుతుంది గానీ, ఏం చేయాలో తెలియదు. ఏ పని దగ్గర, ఏమవుతోంది, ఏం కావాలి – ఈ మూడు ముక్కలూ ఉంటేనే అది అడగడం. ‘మేడమ్, బోర్డు చూసి రాసుకునేటప్పుడు నాకు లైను తప్పిపోతోంది. సగం రాసేసరికి బోర్డు చెరిగిపోతోంది. పీరియడ్ అయ్యాక ఫోటో తీసుకోవచ్చా?’ ఇందులో ‘మీరు చెరిపేస్తున్నారు’ అని లేదు చూడండి. ఆ ఒక్క మాటతో విన్నపం కాస్తా ఫిర్యాదు అయిపోతుంది. ఫోను తేకూడని బడి అయితే నోట్సు కాపీ అడగొచ్చు. డిస్లెక్సియా పేరు ఎత్తాలా వద్దా అన్నది వాడి ఇష్టానికి వదిలేయండి. పేరు చెప్పకుండానే ఈ మూడు ముక్కలూ నిలబడతాయి.

దీన్ని ఇంట్లో పలికించాలి. మీరు టీచరుగా కూర్చుని మూడు రకాలుగా జవాబివ్వండి: ‘సరే’, ‘కుదరదు’, ‘తర్వాత చూద్దాం’. బడిలో తరచుగా ఎదురయ్యేది ఈ మూడోదే. పిల్లలు దాన్ని ‘కాదు’ అనుకుని తిరిగొచ్చేస్తారు, టీచరు ఆ సంగతే మర్చిపోతారు. అందుకే దానికి బదులు నోటికి వచ్చి ఉండాలి: ‘సరే మేడమ్, శుక్రవారం మళ్లీ అడగనా?’ మొట్టమొదటిసారి అడగడం వాడికి చనువున్న టీచరు దగ్గర, చిన్న కోరికతో, పరీక్షలు లేని వారంలో, క్లాసు ఖాళీ అయ్యాక జరగాలి. లెక్కల టీచరంటే భయపడే పిల్లవాణ్ని లెక్కల టీచరుతోనే మొదలుపెట్టించడం తగదు.

ఇక మీ సంగతి. ఒక్కసారిగా తప్పుకోవద్దు, మెట్టుమెట్టుగా దిగండి. మొదటి సమావేశంలో మీరు మాట్లాడండి, వాడు ఒక్క వాక్యం చెప్పాలి. తర్వాతి దాంట్లో వాడు మాట్లాడతాడు, మీరు పక్కన ఉంటారు. మూడోసారి ఒక్కడే వెళ్లి, వచ్చాక మీకు చెబుతాడు. ఒక్కో మెట్టు మీద ఎన్ని వారాలైనా పట్టనివ్వండి. ఎక్కువమంది తడబడేది రెండో మెట్టు దగ్గర. ‘నీకేం కావాలి బాబూ?’ అని టీచరు అడగ్గానే వాడు నేల చూస్తాడు, మూడు సెకన్లలో అమ్మ అందుకుంటుంది. మనసులో పదిదాకా లెక్కపెట్టండి. ఆరో ఏడో అంకె దగ్గర వాడి నోరు పెగులుతుంది. పెగలకపోతే చేతిలో చీటీ ఉండాలి, చదివి వినిపించినా అడిగినట్టే. చదవడమే కష్టమైతే టీచరు చేతికిచ్చినా సరే. ఇంకో మాట: వాడు అడిగి వచ్చాక, వాడికి తెలియకుండా టీచరుకు మెసేజీ పెట్టకండి. అది బయటపడిన రోజున, పని జరిగింది అమ్మ మాట వల్లేనని వాడు తీర్మానించుకుంటాడు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నాకు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు. ‘మాకూ ఇస్తే మేమూ రాస్తాం’ అని ఫ్రెండ్స్ అంటుంటే సిగ్గుగా ఉంది. వదిలేద్దామనుకుంటున్నాను. – ఒక విద్యార్థిని

జవాబు: వదిలేసే ముందు అది నీకు ఎంత ఉపయోగపడుతోందో కొలిచి చూడమ్మా. ఇంట్లో పాత ప్రశ్నపత్రాలు మూడు రాయి. అందరికీ ఇచ్చే సమయం అయిపోగానే పేజీలో అడ్డగీత గీసి, అక్కణ్నుంచి వేరే రంగు పెన్నుతో కొనసాగించు. దిద్దించాక గీతకు పైన ఎన్ని మార్కులు, కింద ఎన్ని అని లెక్కవెయ్యి. కింద మార్కులు బాగా కనిపిస్తే, తెలిసిన జవాబులే సమయం చాలక మిగిలిపోతున్నాయన్నమాట. ఏమీ రాకపోతే నీకు కావాల్సింది సమయం కాకపోవచ్చు: ప్రశ్నలు చదివి వినిపించే మనిషో, సద్దులేని గదో, టైపు చేసే వీలో అయి ఉండొచ్చు. ఆ మూడు కాగితాలూ దాచుకో. రేపు మార్పు అడగాలన్నా, ఉన్నది నిలుపుకోవాలన్నా అంతకంటే మంచి ఆధారం ఉండదు.

అదనపు సమయం దండగయ్యేది ఇంకోలా కూడా. రెండు గంటల పరీక్షకు 25 శాతం అంటే 30 నిమిషాలు. దాన్ని చివరికి అట్టిపెట్టుకుంటే, అప్పటికే అలిసిపోయి ఊరికే కూర్చుంటారు. మొదట్లో పది నిమిషాలు ప్రశ్నలన్నీ రెండుసార్లు చదివి ముఖ్యమైన పదాల కింద గీతలు పెట్టడానికి, పదిహేను నిమిషాలు పెద్ద జవాబులకు, ఐదు నిమిషాలు సరిచూసుకోవడానికి పంచుకుని చూడు. ఇంట్లో అలవాటు చేసుకోనిది పరీక్ష హాల్లో రాదు.

ఫ్రెండ్స్‌కు సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. ఒక్క వాక్యం చాలు: ‘నాకు చదవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సమయమే ఇస్తున్నారు.’ అక్కడితో మాట మార్చెయ్. డాక్టరు ఏమన్నారు, రిపోర్టులో ఏముంది అన్నవి నీ సొంత విషయాలు. అదనపు సమయం తెలియని జవాబును తెచ్చిపెట్టదు. అది నీకు తెలుసు కదా, తలదించుకోకు.

ప్రశ్న: నా క్లాసులో నలభైకి పైగా పిల్లలు. ఐదుగురికి ఇలాంటి ఇబ్బందులున్నాయని నా అంచనా. ‘ఏం కావాలన్నా అడగండి’ అని చెప్పాను, ఒక్కరూ అడగలేదు. – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: నలభైమంది ముందు ‘ఎవరికి అర్థం కాలేదు?’ అంటే చెయ్యెత్తే ధైర్యం పెద్దవాళ్లకూ ఉండదు. అడగడానికి చాటైన దారి ఒకటి ఏర్పాటు చేయండి. టర్ము మొదటి వారంలో అందరికీ, ఆ ఐదుగురికే కాదు, ఒక చిన్న కార్డు ఇవ్వండి. మూడు ప్రశ్నలు: ఏ పని దగ్గర వెనకబడుతున్నావు? ఇంతకుముందు ఏ టీచరు చేసిన ఏ పని ఉపయోగపడింది? నేను మార్చాల్సింది ఒకటి చెప్పు. రాయడం కష్టమైనవాళ్లు మీకు చెప్పొచ్చని కార్డు మీదే ఉండాలి, లేకపోతే డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లవాడు ఖాళీ కార్డు ఇస్తాడు.

కార్డులు తిరగేస్తే సగం కోరికలు ఒకే తీరున ఉండటం గమనిస్తారు. బోర్డు కాసేపు ఉంచమని, హోంవర్కు చెప్పడమే కాక రాసి పెట్టమని, గట్టిగా చదవమని ముందు చెప్పకుండా లేపొద్దని. ఇవి క్లాసు మొత్తానికి చేసేయండి, అడగాల్సిన అవసరమే తగ్గుతుంది. ప్రశ్న వేశాక ఆగడం కూడా అందులోదే. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు.

ఇక విడిగా ఎవరైనా వచ్చి అడిగితే, మీ జవాబులో తేదీ ఉండాలి. ‘చూస్తా’ అనే బదులు ‘గురువారం చెబుతా’ అనండి. అన్నట్టే చెప్పండి. కుదరకపోతే కుదిరేది చెప్పండి: ‘పాఠమంతా నోట్సు ఇవ్వలేను, ముఖ్యమైన పదాల పట్టీ ఇస్తాను.’ మొదటిసారి అడిగినప్పుడు చిన్నబుచ్చుకున్న పిల్ల ఆ ఏడాదంతా ఇంక నోరు విప్పదు.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. ఇప్పట్నుంచే ఇవన్నీ అవసరమా? – ఒక తండ్రి

జవాబు: అవసరమే, కానీ ఈ వయసుకు తగ్గంత. ‘పెన్సిలుకు గ్రిప్పు ఉంటే బాగుందా, లేకపోతే బాగుందా?’ లాంటి రెండింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు వేయండి. ‘మళ్లీ చెప్పండి టీచర్’, ‘నెమ్మదిగా చెప్పండి’ – ఈ రెండు మాటలు తడుముకోకుండా వస్తే ఏడేళ్లకు చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ. అడగాల్సింది ఇంట్లో చక్కగా చెబుతాడు, బడికెళ్లాక మర్చిపోతాడు. సాయంత్రం అడిగితే ‘అయ్యో’ అంటాడు. నిర్లక్ష్యమా? – ఒక తల్లి

జవాబు: కాదు. అనుకున్నది సమయానికి గుర్తుకు తెచ్చుకోవడమే ఏడీహెచ్‌డీలో బలహీనపడే పని. ‘గుర్తు పెట్టుకుని అడుగు’ అంటే కుంటుతున్నవాణ్ని పరుగెత్తి మందు తెచ్చుకోమన్నట్టు. గుర్తుచేసే బాధ్యతను తలలోంచి బయటపెట్టండి. అడగాల్సిన వాక్యం చీటీ మీద రాసి, ఆ సబ్జెక్టు పుస్తకంలో ఆ రోజు తెరిచే పేజీలో అంటించండి. డైరీలోనో బ్యాగులోనో పెడితే సాయంత్రం ఇంట్లోనే బయటపడుతుంది. ఇంకా మంచిది, టీచరుతో కలిసి వారంలో ఒక వేళ ఖాయం చేసుకోవడం: సోమవారం చివరి పీరియడ్ తర్వాత రెండు నిమిషాలు. అప్పుడు టీచరు ‘ఈ వారం ఏమైనా ఉందా?’ అంటారు, వాడు అందుకుంటాడు. ఈ రెండు నిమిషాలు అడగడం కూడా వాడి కోరికే కావాలి, మీది కాదు.

ప్రశ్న: కాలేజీలో చేరాను. స్కూల్లో ఉన్న వెసులుబాట్లు ఇక్కడ లేవు. అడిగితే ‘మార్కులు బాగానే వస్తున్నాయిగా, అందరికీ ఒకటే రూలు’ అన్నారు. – ఒక విద్యార్థి

జవాబు: స్కూలు కాగితాలు వాటంతట అవి కాలేజీకి రావు, చాలాచోట్ల మళ్లీ మీరే చెప్పి, చూపించి, అడగాలి. రిపోర్టు ఎన్నేళ్ల లోపుది కావాలి, దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడు అన్నవి సంస్థకో తీరు, పరీక్షా బోర్డుకో తీరు. చేరిన మొదటి నెలలోనే కనుక్కోండి. పరీక్షలకు వారం ముందు అడిగినవాళ్లకు ‘కుదరదు’ అని వచ్చే జవాబుల్లో చాలావరకు గడువు దాటిపోవడం వల్లే.

‘మార్కులు బాగానే వస్తున్నాయి’ అన్నదానికి బదులు అంకెల్లో ఇవ్వండి. రెండు వారాలపాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాయండి, అదే పనికి ఒక సహవిద్యార్థికి ఎంత పట్టిందో అడిగి పక్కన వేయండి. మార్కులు ఫలితాన్నే చూపిస్తాయి. ఆ ఫలితానికి ఎన్ని గంటల నిద్ర ఖర్చయిందో ఈ కాగితం చూపిస్తుంది.

తర్వాత రాతపూర్వకంగా అడగండి. ఐదారు వాక్యాలు మించొద్దు: ఫలానా తేదీన నోటిమాటగా అడిగాను, ఈ జవాబు వచ్చింది, నా ఇబ్బంది ఇది, రిపోర్టు జతచేశాను, స్కూల్లో ఈ ఏర్పాటు ఉండేది, ఇప్పుడు కోరేది ఇది, ఫలానా తేదీలోగా జవాబు ఇవ్వగలరు, వీలుకాకపోతే కారణం రాసి ఇవ్వగలరు. ఆ చివరి వాక్యం ముఖ్యం. నోటితో ‘కాదు’ అన్నంత సులువుగా కాగితం మీద రాయలేరు. ఉత్తరం ముందు లెక్చరరుకు, అక్కణ్నుంచి శాఖాధిపతికి, ఆపైన విద్యార్థుల వ్యవహారాలు చూసేవారికి వెళ్లాలి. మెట్లు దాటేసి నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే కింద మళ్లీ మొదలుపెట్టమంటారు. ప్రతి కాపీ దాచుకోండి.

‘అందరికీ ఒకటే రూలు’ అన్నమాట హక్కుల దగ్గర నిలవదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం చదువు గురించే. ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన వెసులుబాటు కల్పించాలంటుంది. దాన్ని నిరాకరించడం కూడా వివక్షేనని 2వ అధికరణం చెబుతుంది. మీ దేశంలో ఇది ఏ చట్టం రూపంలో ఉందో, మీ ఇబ్బంది దాని పరిధిలోకి వస్తుందో లేదో చూసుకుని, మొదటి ఉత్తరంలో కాకుండా రెండో ఉత్తరంలో ప్రస్తావించండి. మొదటిదాంట్లోనే చట్టం ఎత్తితే, సాయం చేద్దామనుకున్న లెక్చరరు కూడా జాగ్రత్తపడి వెనక్కి తగ్గుతారు. మీ ఉత్తరాన్ని ఒకరితో గట్టిగా చదివించుకుని వినండి. మీరు కోరేదేమిటో విన్నవాళ్లు ఒక్క వాక్యంలో తిరిగి చెప్పలేకపోతే, పంపే ముందు ఆ వాక్యం మళ్లీ రాయండి.