రాసుకునేవాళ్లు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ముందు కీబోర్డు చూడాలి

ప్రశ్న: నేను కథలు, వ్యాసాలు రాస్తాను. ఇప్పుడు ఒక నవల మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లుగా వాడుతున్న ల్యాప్‌టాప్ బ్యాటరీ గంట కూడా ఆగడం లేదు, తెర దగ్గర మడత విరిగింది. కొత్తది కొందామంటే ఐ5, ఐ7, ఏఐ పీసీ, ఓఎల్ఈడీ అంటూ ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. వింటుంటే టెన్షన్ పెరుగుతోంది. రోజుకు నాలుగైదు గంటలు తెలుగులో రాసుకోవాలి, బ్రౌజర్‌లో ఓ పదిహేను ట్యాబ్‌లు తెరిచి ఉంటాయి. అంతే నా పని. ఏం చూసి కొనాలి?

జవాబు: రోజుకు నాలుగైదు గంటలు అన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. అంతసేపూ మీ వేళ్లు ఉండేది కీబోర్డు మీద, కళ్లు ఉండేది తెర మీద. ప్రాసెసర్‌కి ఆ సమయంలో పెద్దగా పనే ఉండదు. ఎంత వేగంగా టైపు చేసేవాళ్లకైనా నాలుగైదేళ్ల కిందటి మధ్యరకం ప్రాసెసర్ సరిపోతుంది. కానీ ఏ ప్రకటన చూసినా ముందు కనిపించేది ప్రాసెసర్ పేరే. కీబోర్డు గురించి చాలాసార్లు ఒక్క ముక్క కూడా ఉండదు. రాసేవాళ్లు ఈ వరస తిరగేసి చూసుకోవాలి.

కీ నొక్కినప్పుడు ఎంత లోతుకు దిగుతుందో దాన్ని కీ ట్రావెల్ అంటారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇది సుమారుగా 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పాత థింక్‌ప్యాడ్‌లలో 1.8, అంతకన్నా ఎక్కువ కూడా ఉండేది. మెషీన్లు పల్చబడేకొద్దీ అదీ తగ్గింది. లోతు ఒక్కటే చూస్తే చాలదు. కీ పడినట్టు వేలికి స్పష్టంగా తెలియాలి, వెంటనే పైకి లేవాలి. ఆపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు దీనికి మంచి ఉదాహరణ. చాలా పల్చగా ఉండేది. లోపలికి కాస్త దుమ్ము చేరినా అక్షరం పడకపోవడమో, ఒకటికి రెండు పడడమో జరిగేది. 2018లో ఆ సంస్థే ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది. 2019 చివరి నుంచి ఒక్కో మోడల్‌లో పాత పద్ధతి కీలకే తిరిగొచ్చింది. సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కొనే ఆలోచన ఉంటే ఆ మధ్యకాలం మోడళ్లను వదిలేయండి.

తెలుగులో రాసేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఇంగ్లిష్ సమీక్షల్లో ఇది కనిపించదు. తెలుగు అక్షరాలు నేరుగా కీల మీదే ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో మీరు టైపు చేస్తే ‘చ’, ‘ట’, ‘డ’, ‘య’ అక్షరాలు కుడి అంచున, ఇంగ్లిష్‌లో విరామ చిహ్నాలుండే కీల మీద పడతాయి. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు అప్పుడప్పుడే తాకే కీలు అవి, మనకు వాక్యం వాక్యానికీ కావాలి. చిన్న సైజు ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో చోటు చాలక సరిగ్గా ఆ కీలనే ఇరుకు చేస్తారు. షిఫ్ట్ కూడా అంతే. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ఖ’, ‘ఘ’ లాంటి ఒత్తక్షరాలకీ అచ్చులకీ షిఫ్ట్ కావాలి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ పద్ధతుల్లో ‘ట’, ‘ణ’, ‘ళ’ లాంటివాటికి కావాలి. కుడి షిఫ్ట్‌ని సగానికి కత్తిరించి పక్కన బాణం గుర్తు ఇరికించిన కీబోర్డు మీద నవల రాయడం నరకం. చూడగానే పక్కన పెట్టేయండి. 15.6 అంగుళాల మోడళ్లలో కుడివైపు నంబర్ ప్యాడ్ ఉంటే అక్షరాల భాగమంతా ఎడమకి జరుగుతుంది. తెర మధ్యలో చూస్తూ చేతులు పక్కకి పెట్టుకుని గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. లెక్కలు రాసేవాళ్లకి అది అవసరం, మీకు కాదు.

అందుకే ఇతరుల రివ్యూలు చదివి కొనకండి. కొనబోయే మోడల్ ముందు పది నిమిషాలు కూర్చుని, మీ నవల్లోంచే ఒక పేజీ టైపు చేయండి. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి భాషల్లో తెలుగు చేర్చుకోవడం కాసేపటి పని. ఇన్‌స్క్రిప్ట్ అందులోనే ఉంటుంది, 2019 మే అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కూడా ఉంది. టైపు చేస్తున్నప్పుడు తప్పులు ఎక్కడ పడుతున్నాయో గమనించండి. అరచేయి టచ్‌ప్యాడ్‌కి తగిలి కర్సర్ ఇంకో లైన్లోకి దూకుతోందా? అంచు మణికట్టుకి గుచ్చుకుంటోందా? మధ్యలో నొక్కితే కీబోర్డు కిందికి వంగుతోందా? మొదటి నిమిషంలో ఏ కీబోర్డైనా బాగానే ఉంటుంది, అసలు సంగతి ఆరో ఏడో నిమిషానికి తెలుస్తుంది. పక్కన నిలబడినవాళ్లు తొందరపెట్టినా లేవకండి.

ఇక తెర. మన లిపికి ఎత్తు ఎక్కువ కావాలి. తలకట్టు మీద గుడులు, అక్షరం కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ పెట్టుకోవాలి. అందువల్ల అదే తెర మీద ఇంగ్లిష్ కన్నా తెలుగు తక్కువ లైన్లు పడుతుంది. సినిమా చూడ్డానికి బాగుండే 16:9 తెర కన్నా, నిలువు కాస్త ఎక్కువుండే 16:10 మనకి మేలు. 1920×1080 బదులు 1920×1200 అంటే నిలువునా 120 పిక్సెళ్లు అదనం. పైనున్న పేరా కనబడుతూ ఉండగా కింది పేరా రాసుకోవచ్చు. పాత 1366×768 తెరలు ఇంకా ఎక్కడైనా అంటగట్టబోతే వద్దనండి. వాటి మీద చిన్న అక్షరాల్లో ‘ద’కీ ‘థ’కీ, ‘ప’కీ ‘ష’కీ తేడా తెలియదు. ప్రూఫ్ దిద్దేటప్పుడు అచ్చుతప్పులు జారిపోతాయి.

మెరిసే తెర కన్నా మ్యాట్ తెర మంచిది. మెరిసేదాంట్లో వెనకున్న లైటు, మీ ముఖం మీ వాక్యాల మధ్య కనబడుతుంటాయి. వెలుగు 300 నిట్స్‌కి తగ్గకూడదు, కిటికీ పక్కన రాసే అలవాటుంటే 400 చూడండి. ఓఎల్ఈడీ రంగులు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చాలా తెరలు వెలుగు తగ్గించడానికి కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. రాత్రిపూట వెలుగు తగ్గించుకుని రాసేవాళ్లయితే ఐపీఎస్ రకం (ఎల్‌సీడీ తెరల్లో ఒకటి) తీసుకోవడమే నా సలహా.

లోపలి సామాను గురించి త్వరగా చెప్పేస్తాను. ర్యామ్ 16 జీబీ తీసుకోండి. రాయడానికి కాదు, ఆ పదిహేను ట్యాబ్‌ల కోసం. ఇప్పుడు చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది, తర్వాత పెంచుకునే వీలుండదు. ప్రాసెసర్ ఐ5, కోర్ అల్ట్రా 5, రైజెన్ 5 స్థాయి చాలు. ఏఐ పీసీ అన్న మాటకి అదనంగా డబ్బు పెట్టకండి. ల్యాప్‌టాప్‌కి కోపైలట్ ప్లస్ అన్న పేరు పెట్టాలంటే సెకనుకు కనీసం 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక ఏఐ చిప్ ఉండాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. మీ నవల ఆ చిప్‌ని కదిలించదు.

స్టోరేజీ గురించి భయపడేవాళ్లు ఎక్కువ, అందుకని ఈ లెక్క. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతం సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. మాటకి సగటున ఎనిమిది సంకేతాలు వేసుకున్నా, లక్ష మాటల నవల రెండున్నర ఎంబీ దాటదు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంత ఉంటుంది! విండోస్, సాఫ్ట్‌వేర్లు కొంత మింగినా 256 జీబీ ఎస్ఎస్‌డీలో జీవితమంతా రాసినది పడుతుంది. ఫొటోలు, వీడియోలు కూడా దాస్తే 512 తీసుకోండి.

చప్పుడు విషయం కూడా అడిగి తెలుసుకోండి. నిశ్శబ్దంగా కూర్చుని ఒక సంభాషణ రాస్తుంటే ఫ్యాన్ గుర్రుమంటే ఆలోచన తెగిపోతుంది. 2020 నవంబరులో వచ్చిన ఎం1 నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఫ్యాన్ లేదు. విండోస్ మోడళ్లలో తక్కువ కరెంటు వాడే ప్రాసెసర్ ఉన్నవి ప్రశాంతంగా ఉంటాయి. బ్యాటరీ విషయంలో ఇన్ని గంటలొస్తుందన్న మాటని నమ్మకుండా వాట్-అవర్ల సంఖ్య (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) చూడండి, 50కి పైన ఉంటే బాగు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి రాస్తే 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకోండి, బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.

ఇన్ని చెప్పాక అన్నిటికన్నా నాకు పట్టింపున్న మాట. ల్యాప్‌టాప్ ఎంత మంచిదైనా తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకి సరైన ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్ల ఎత్తుకి లేపితే భుజాలు లేస్తాయి. రోజుకు అరగంట వాడేవాళ్లకి ఫర్వాలేదు. నవల రాసేవాళ్లకి మాత్రం మెడనొప్పి వచ్చే ప్రమాదం ఎక్కువ. నాకు వచ్చింది, ఆర్నెల్లు సరిగ్గా రాయలేకపోయాను. అందుకే ఐ7 కొనబోతే ఐ5కి దిగండి, మిగిలిన డబ్బుతో ఒక స్టాండు, విడిగా ఒక మంచి కీబోర్డు కొనుక్కోండి. బయటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకెళ్లండి. ఇంట్లో మాత్రం తెర పై అంచు కళ్లకి ఎదురుగా, కీబోర్డు మోచేతుల ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్ మారినా ఆ కీబోర్డు మీతోనే ఉంటుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ బదులు ట్యాబ్లెట్‌కి బ్లూటూత్ కీబోర్డు తగిలించుకుని రాయొచ్చా?

జవాబు: మొదటి చిత్తుప్రతికి బాగానే ఉంటుంది, తేలిక, చప్పుడుండదు. అయితే తెర మీది కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగొచ్చే సదుపాయం, బయటి కీబోర్డు తగిలించగానే పనిచేయకపోవచ్చు. మీరు వాడే పద్ధతి బయటి కీబోర్డుతో పనిచేస్తోందో లేదో ముందే ఎవరి ట్యాబ్లెట్ మీదనైనా చూసుకోండి. పెద్ద ఫైలులో అధ్యాయాలు అటూ ఇటూ మార్చడం, ప్రూఫ్ దిద్దడం ల్యాప్‌టాప్ మీదే సులువు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. రాయడానికి బాగానే పనిచేస్తోంది. మద్దతు ఆగిపోయింది కాబట్టి కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకి మరో ఏడాది భద్రత అప్‌డేట్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మీ ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయితే విండోస్ 11 వేసుకోవచ్చు. అంతకన్నా పాతదైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకుని చూడండి. వాటిలో వేరే భాషల టైపింగు చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ అనే భాగం చేర్చుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో రాసేది), ఆపిల్ పద్ధతులు మూడూ దొరుకుతాయి. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్‌లో హాయిగా రాసుకోవచ్చు. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే తీయించి ఎస్ఎస్‌డీ వేయించండి, అదే మెషీనా అనిపిస్తుంది. కీబోర్డు మీకు అలవాటైంది, అది బాగున్నంతకాలం ఆ ల్యాప్‌టాప్‌ని వదులుకోకండి.

ప్రశ్న: పదిహేనేళ్ల కిందట అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో టైపు చేసిన కథలు నా దగ్గర ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంటే తెరుచుకుంటాయా?

జవాబు: కాపీ ఒక్కటే చాలదు. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే ఉంటాయి, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో 1991 నుంచి తెలుగుకి సొంత సంకేతాలున్నాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా అచ్చు పనంతా పాత ఫాంట్ల మీదే నడవడంతో మీలాంటివాళ్ల కథలు ఎన్నో అందులోనే ఉండిపోయాయి. పైగా పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0. కొత్త విండోస్‌లో అది ఇబ్బంది పెట్టొచ్చు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ కొంటే మరీ జాగ్రత్త. వాటి బ్యాటరీ చక్కగా వస్తుంది గానీ, ఇంటెల్ కోసం రాసిన పాత డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలని నడిపే ప్రోగ్రాములు) వాటిలో పనిచేయవు.

అవి టైపు చేసిన పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే, ఈ వారమే పని మొదలుపెట్టండి. ముందు ప్రతి కథనీ అందులోనే పీడీఎఫ్‌గా మార్చి దాచండి, అసలు రూపం ఎలా ఉండేదో అదే సాక్ష్యం. తర్వాత మ్యాటర్‌ని కాపీ చేసి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయండి. వచ్చినదాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదవండి. వత్తులు, అరసున్నలు, కొటేషన్ గుర్తులు ఎక్కువగా చెడిపోతాయి. నా పాత వ్యాసాలు మార్చుకున్నప్పుడు ‘క్ష’ ఉన్న ప్రతిచోటా తప్పే వచ్చింది, ఒక్కోటీ వెతికి దిద్దాను. దిద్దిన ఫైళ్లని ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచండి. పని పూర్తయ్యేదాకా పాత కంప్యూటర్‌ని ఎవరికీ ఇవ్వకండి.