తమ్ముడు బడికి గదులు కట్టించాడు... నేనేం ఇవ్వగలను?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. కాకినాడలో ఉంటున్నాం. ఇద్దరు అమ్మాయిల పెళ్లిళ్లకు చేసిన అప్పు పెన్షన్‌లోంచి ఇంకా కడుతూనే ఉన్నాను. అమెరికాలో ఉన్న మా తమ్ముడు సొంతూళ్లో ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు కట్టించాడు. ప్రారంభోత్సవం రోజున నన్ను స్టేజీ మీదికి పిలిచి 'దాతగారి అన్నయ్య' అంటూ శాలువా కప్పారు. అప్పటినుంచి మనసు బాగోలేదు. చుట్టాల ఇళ్లకు వెళ్లడం మానేశాను. చిల్లర పనులతో రోజులు గడిచిపోతున్నాయి. మొన్న మా వీధిలో ఇస్త్రీ బండి అతను చనిపోతే, అతని భార్యను మా ఆవిడ వెంటబెట్టుకొచ్చింది. పాస్‌బుక్‌లో 436 రూపాయల కటింగ్ కనబడితే బీమా క్లెయిమ్ ఫారం నింపి, ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లి అది ఇప్పించాను. మా ఆవిడకు వంటిల్లు తప్ప లోకం తెలియదు, చెప్పుకున్నా అర్థం కాదు. ఇన్నేళ్లు బతికి ఎవరికీ ఏమీ ఇవ్వలేకపోయాననే బాధ తొలిచేస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బాధను కొట్టిపారేయను. అరవై దాటాక, నలుగురి ముందు, తమ్ముడి పేరుతో గుర్తింపు రావడం ఎవరికైనా గుచ్చుకుంటుంది. అది అసూయ అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. కానీ మీ ఉత్తరంలో విసుగ్గా రాసి వదిలేసిన ఆ 436 రూపాయల సంగతిని మాత్రం నేను వదలను.

మీకు తెలిసిందే అయినా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతుంది. బీమా అమల్లో ఉండగా ఖాతాదారు చనిపోతే నామినీకి 2 లక్షలు వస్తాయి. చిక్కేమిటంటే, బీరువాలో దాచుకునే పాలసీ బాండు లాంటిది ఏమీ ఉండదు. ఎప్పుడో కౌంటర్ దగ్గర పెట్టిన సంతకం ఇంట్లోవాళ్లకు గుర్తుండదు. మిగిలేది పాస్‌బుక్‌లో ఒక చిన్న పద్దు. ఆ పక్కన 20 రూపాయల కటింగ్ ఉంటే అది ప్రమాద బీమా. చదువుకున్నవాళ్లు కూడా ఏవో బ్యాంకు చార్జీలనుకుని పేజీ తిప్పేస్తారు. మీరు తిప్పలేదు. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి అర్థమయ్యేలా చెప్పారు. ఫారం నింపారు. వెంట వెళ్లారు. ఆ డబ్బు చేతికొస్తే ఆ ఇంటికి అదెంత ఆసరానో లెక్కలు తెలిసిన మీకు నేను చెప్పాలా?

దీన్ని చిల్లర పని అని ఎందుకన్నారో ఊహించగలను. మీకది పావుగంట పని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, ఏళ్ల తరబడి చేసి చేసి చేతికి అలవాటైన పనిని మనం ఆస్తిగా లెక్కేసుకోం. అందుకే నేను కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లను 'మీలో ఉన్న గొప్ప గుణాలేంటి' అని అడగను. అలా అడిగితే తల దించుకుంటారు. 'మీ దగ్గరికి జనం దేనికోసం వస్తారు?' అంటాను. దానికి జవాబు టకటకా వస్తుంది. మీరూ ఓ కాగితం మీద రాయండి. గత రెండు మూడు నెలల్లో ఎవరెవరు వచ్చారు, ఏం అడిగారు, మీరేం చేశారు. కోపంలో ఉన్నవాడు మీ దగ్గర పది నిమిషాలు కూర్చుని చల్లబడి వెళ్లినా సరే, అదీ రాయండి.

ఆ కాగితంలో ఒక పద్దు మీ కంట పడదేమోనని ముందే చెబుతున్నాను. ఆ ఇస్త్రీ అతని భార్య మీ గుమ్మం దాకా ఎలా వచ్చింది? మీ ఆవిడ తీసుకొచ్చారు. ఇంట్లో మనిషి పోయినప్పుడు, డబ్బు విషయాలు మాట్లాడ్డానికి బయటి మగవాళ్ల దగ్గరికి ఆడవాళ్లు అంత తేలిగ్గా రారు. ఆమె మీ ఆవిడను నమ్మింది. వీధిలో ఎవరింట్లో ఏ కష్టం ఉందో, ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో తెలిసిన మనిషిని పట్టుకుని వంటిల్లు తప్ప లోకం తెలియదన్నారు. ఇది మాత్రం అన్యాయమండీ. మీకు కాగితాలు తెలుసు, ఆమెకు మనుషులు తెలుసు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఆమెతో అనండి. ఆ తర్వాత ఆమె చెప్పేది వినండి. చెప్పుకుంటే అర్థం కాదన్నది ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది.

సాయం చేయడానికీ ఓ పద్ధతి ఉండాలి. మీలాంటివాళ్లు ఉత్సాహం వస్తే రోజంతా ఊరివాళ్ల పనులు నెత్తినేసుకుంటారు, నెల తిరక్కుండా విసిగిపోతారు. వారంలో రెండు పూటలు చాలు. అడిగినవాళ్లకే చెప్పండి, అడగని సలహాకు విలువుండదు, ఒక్కోసారి చీవాట్లు కూడా తప్పవు. ఎంత కావలసినవాళ్లయినా ఏటీఎం పిన్, ఓటీపీ చెప్పించుకోవద్దు, ఆధార్ జిరాక్సులు మీ ఇంట్లో ఉంచుకోవద్దు. ఫారం మీరే నింపేయకుండా, ఆ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టి వాళ్లతో రాయించండి. రేపు మీరు ఊళ్లో లేకపోయినా ఆ ఇంటికి పని జరుగుతుంది. నవంబరులో, బతికే ఉన్నామని చూపే పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల హడావిడి మీకు కొత్త కాదు. ఇప్పుడు ఫోన్లోనే ముఖం చూపించి అది పంపే వీలుంది. మంచం దిగలేని పెద్దవాళ్లు మీ చుట్టుపక్కల ఎవరున్నారో మీ ఆవిడనే అడగండి.

ఇంకో మాట. జనంలోకి వెళ్లడం మానేశానన్నారు. నిద్ర, ఆకలి కూడా తగ్గి, ఈ దిగులు రెండు వారాలకు మించి అలాగే ఉంటే అది సలహాలతో పోయేది కాదు. డాక్టర్‌ని కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

తమ్ముడి సంగతికొద్దాం. మనసు కాస్త కుదుటపడ్డాక ఆయనకు ఫోన్ చేయండి, శాలువా ప్రస్తావన లేకుండా. ఆయన కట్టించిన ఆ గదుల్లో పదేళ్లు నిండని ఆడపిల్లలుంటారు. ఆడపిల్లల పేరిట పొదుపు చేసే ప్రభుత్వ పథకం సుకన్య సమృద్ధి ఖాతా తెరవాల్సింది ఆ వయసులోపే. 250 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, పోస్టాఫీసులోనైనా బ్యాంకులోనైనా. ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసో హెడ్‌మాస్టర్‌ని కనుక్కోండి. మొదటి కంతు కట్టలేని ఇళ్లుంటే ఆ 250 తమ్ముణ్ని పెట్టమనండి. తల్లులతో మాట్లాడ్డానికి మీ ఆవిడను, ఫారాలకు మిమ్మల్ని మించినవాళ్లు దొరకరు. బడికి సెలవులివ్వకముందే వెళ్లండి, పిల్లల జనన ధ్రువపత్రాలు ముందే తెప్పించి పెట్టమని చెప్పండి.