పాప చెవి యంత్రాలకు బీమా వర్తించదా?

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉందని, వినికిడిని కొలిచే బెరా పరీక్షలో తేలింది. ఈఎన్‌టీ డాక్టరు రాసిచ్చిన వినికిడి యంత్రాలు రెండూ కలిపి 1,60,000 రూపాయలు పెట్టి కొన్నాం. మా వారు హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమాలో పాప పేరు పుట్టినప్పటి నుంచీ ఉంది. క్లెయిమ్ పెడితే మూడు కారణాలు చూపి తిరస్కరించారు. యంత్రాలు శరీరం బయట వాడే పరికరాలట, ఇది ఆసుపత్రిలో చేరకుండా పొందిన చికిత్సట, పైగా పుట్టుకతో వచ్చిన లోపమట. యంత్రాలతో మాటలు రాకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించాలని డాక్టరు అంటున్నారు. దానికీ ఇలాగే కాదంటారా? కోర్టుకు వెళ్లమంటారా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, యంత్రాల డబ్బు విషయంలో మీ కేసు బలహీనంగా ఉంది. ఆపరేషన్ విషయంలో మాత్రం బలంగా ఉంది. తిరస్కరణ లేఖలోని మొదటి రెండు కారణాలు యంత్రాల వరకు నిలబడతాయి. మూడోదానికి బలం లేదు. రేపు ఆపరేషన్‌కు అడ్డం తిరిగేది కూడా ఆ మూడో కారణమే కనుక దాన్ని ఇప్పుడే ప్రశ్నించాలి.

మన ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి, సాధారణంగా 24 గంటలు ఉండి పొందే చికిత్స కోసం రాసినవి. బయటి రోగిగా, అంటే ఆసుపత్రిలో చేరకుండా కొన్న పరికరాలకు అందులో చోటు తక్కువ. అందుకే చాలా పాలసీల మినహాయింపుల జాబితాలో కళ్లజోళ్లు, కాంటాక్ట్ లెన్సులు, వినికిడి యంత్రాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. పెద్దవారి కళ్లజోడునూ, మూడేళ్ల పసిబిడ్డ చెవి యంత్రాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. బిడ్డకు మాట వచ్చేది వినికిడి వల్లనే, అదీ తొలి ఏళ్లలోనే. కానీ ప్రైవేటు బీమా కంపెనీ పిల్లల వినికిడి యంత్రానికి డబ్బు చెల్లించి తీరాలనే చట్టం మన దేశంలో లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సహాయ పరికరాలు ఇవ్వాల్సిన బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది తప్ప బీమా కంపెనీల మీద పెట్టలేదు.

అయినా ఒక దారి వెతకాలి. గ్రూపు పాలసీ షరతులు మీ వారి కంపెనీ, బీమా సంస్థ బేరమాడుకుని రాసుకున్నవి. ఉద్యోగి చేతికి వచ్చే కార్డులోనో, రెండు పేజీల సారాంశంలోనో అవన్నీ ఉండవు. హెచ్‌ఆర్ విభాగాన్ని ఆ షరతులన్నీ ఉండే అసలు పత్రం, అంటే మాస్టర్ పాలసీ ప్రతి ఇవ్వమని ఈమెయిల్‌లో అడగమనండి. బయటి రోగి ఖర్చులకు విడిగా కొంత మొత్తం కేటాయించి ఉంటే, అందులో వినికిడి యంత్రాలను మినహాయించకపోతే, క్లెయిమ్‌ను ఆ పద్దు కింద మళ్లీ పెట్టవచ్చు. అలాంటిదేమీ లేకపోతే 1,60,000 రూపాయల కోసం కోర్టుకు వెళ్లమని నేను చెప్పను.

ఇక మూడో కారణానికి వద్దాం. పుట్టుకతో వచ్చే లోపాలను బీమా నిబంధనలు రెండుగా విడదీస్తాయి. శరీరంలో పైకి కనిపించే, చేతికి అందే భాగాలలో ఉంటే అది బాహ్య లోపం. గ్రహణం మొర్రి అలాంటిది. పైకి కనిపించని భాగంలో ఉంటే అంతర్గత లోపం. పాలసీలు సాధారణంగా మినహాయించేది బాహ్య లోపాలనే. మీ పాపకు బయటి చెవి మామూలుగానే ఉండి, లోపం లోపలి చెవిలోని కాక్లియాలోనో, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాడిలోనో ఉంటే అది అంతర్గతమే అవుతుంది. లోపం ఏ భాగంలో ఉందో స్పష్టంగా రాసి సంతకం చేసిన పత్రం మీ ఈఎన్‌టీ డాక్టరు దగ్గర తీసుకోండి. మీ కేసులో అన్నిటికంటే విలువైన కాగితం అదే. పాలసీ భాష రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం చెప్పాలని సుప్రీంకోర్టు 1966లోనే చందూమల్ జైన్ కేసులో చెప్పింది. పాలసీదారుకు తెలియజేయని మినహాయింపును చూపి క్లెయిమ్ కాదనడం కుదరదని 2000లో మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో చెప్పింది. ఈ రెండూ మీకు పనికివస్తాయి. అయితే మాస్టర్ పాలసీలో 'పుట్టుకతో వచ్చిన అన్ని లోపాలూ, అంతర్గతమైనవి సహా' అని రాసి ఉంటే పరిస్థితి మారుతుంది. అందుకే ముందు ఆ ప్రతి చేతికి రావాలి.

కాక్లియర్ ఇంప్లాంట్, వినికిడి యంత్రం లాంటిది కాదు. ఆసుపత్రిలో చేర్చుకుని, మత్తు ఇచ్చి, చెవి వెనుక చర్మం కింద ఒక పరికరాన్ని అమర్చి, దాని తీగను కాక్లియాలోకి పంపే శస్త్రచికిత్స అది. మొదటి రెండు కారణాలు ఇక్కడ చెల్లవు. పేచీ వచ్చేది స్పీచ్ ప్రాసెసర్ దగ్గర. చెవి వెనుక బయట పెట్టుకునే భాగం కాబట్టి దాన్ని బాహ్య పరికరమని బిల్లులోంచి కోసేస్తుంటారు. బయటి భాగం లేకపోతే లోపల అమర్చినది పనిచేయదు, రెండూ కలిస్తేనే ఒక చికిత్స అని సర్జన్ చేత రాయించి ముందస్తు అనుమతి దరఖాస్తుకు జతచేయండి. నగదు రహిత చికిత్సకు అనుమతిపై గంటలోగా నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఆదేశించింది. ఇలాంటి ముందే అనుకున్న ఆపరేషన్‌కు మీరు రోజుల ముందుగానే దరఖాస్తు చేసి, ఏ భాగానికి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని గ్రూపు పాలసీలలో కాక్లియర్ ఇంప్లాంట్‌కు సగం ఖర్చే ఇస్తామనే పరిమితి ఉంటుంది, అదీ చూసుకోండి. ఆపరేషన్‌కు ముందు చేసే స్కానింగులు, ఇతర పరీక్షల బిల్లులు దాచండి. చేరే ముందు 30 రోజులు, ఇంటికి వచ్చాక 60 రోజుల ఖర్చులు ఇవ్వడం చాలా పాలసీలలో ఉంది. ఆ తర్వాత సాగే స్పీచ్ థెరపీ, బ్యాటరీలు, తీగల ఖర్చు మాత్రం మీరే భరించవలసి రావచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని ఒక ఉత్తరం. బీమా కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి డాక్టరు పత్రం జతచేసి, మూడో కారణాన్ని ఉపసంహరించుకోవాలని రాయండి. తిరస్కరణకు ఆధారమైన పాలసీ షరతును స్పష్టంగా పేర్కొనాలనీ, కంపెనీలోని క్లెయిముల సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదనీ ఆ 2024 సర్క్యులరే చెబుతోంది. ఆ ఆమోదం ఉందా అని కూడా అడగండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోవే. గ్రూపు పాలసీలోని ఉద్యోగి ఫిర్యాదునూ తీసుకుంటారు. రుసుము లేదు, మాలాంటి వకీళ్ల అవసరమూ లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం వారికి ఉంది. తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ మరో దారి. మీరు నివసించే జిల్లాలోనే, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయవచ్చు. అక్కడ కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు కనుక ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

బీమా బయట కూడా కొంత సాయం ఉంది. చాలావాటికి ముందు సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత శాతమో తెలిపే ప్రభుత్వ పత్రం కావాలి. 40 శాతం, ఆపైన లోపం ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చేందుకు కేంద్రం అమలు చేసే అడిప్ పథకంలో కుటుంబ ఆదాయం నెలకు 22,500 రూపాయల లోపు ఉంటే యంత్రం పూర్తి ఉచితం, 30,000 వరకు ఉంటే సగం ధర. మీ వారి జీతం అంతకు మించితే ఇది మీకు అందదు. రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశ్రీ తరహా పథకాలు చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఖర్చు పెడతాయి, కానీ వయసు పరిమితి ఉంటుంది. ఆదాయపు పన్ను మాత్రం మీకు నేరుగా ఉపయోగపడుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే, వైకల్యం ఉన్న బిడ్డ పోషణకు ఏటా 75,000 రూపాయలు, లోపం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయలు మీ వారి ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు.

మీ వారు ఉద్యోగం మారాలనుకుంటే ఆపరేషన్ తేదీతో కలిపి ఆలోచించండి. ఉద్యోగంతోపాటే గ్రూపు బీమా పోతుంది. విడిగా పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగమనే షరతు ఉండవచ్చు. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటే ఇప్పటివరకు గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది కనుక దాన్నే ముందు అడగండి. ఏ దరఖాస్తులోనైనా పాప వినికిడి సంగతి దాచకండి. దాచినట్టు తేలితే పాలసీయే రద్దు చేస్తారు.

కంపెనీకి ఉత్తరం ఈ వారంలోనే స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి. ఈ పత్రాల వ్యవహారం తేలేదాకా పాప ఆపరేషన్ నిర్ణయాన్ని మాత్రం వాయిదా వేయకండి. ముందు డబ్బు కట్టి చేయించినా, బిల్లులు ఉంటే క్లెయిమ్ తర్వాత పెట్టుకోవచ్చు.