బుజ్జీ, పాండీకి పోయేముందు పెద్దమ్మ మాట రొంత విను

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, హనీమూన్‌కి పాండిచ్చేరి అనుకుంటా ఉన్నారంట, అల్లుడేమో మూడు రోజుల్లో మహాబలిపురం, పాండీ, చిదంబరం, వేళాంకణి అన్నీ చుట్టేసేలా ప్లాన్ రాసినాడంట. ఆ కాగితం పక్కన పడెయ్యమను తల్లీ. పెళ్లిపనులు మొదలైన కాడ్నించి మీకు నిద్రే లేదు, కొండకి పోయినారు, తిరుచానూరు అయింది, కాళహస్తి అయింది, విందులని ఊరూరూ తిరిగినారు, మళ్లీ కార్లో కూర్చోని తిరగడానికా హనీమూను? ఒక ఊరు, ఒక రూము, అంతే. పాండీలో చూసి తీరాల్సినవి పెద్దగా ఏమీ లేవు, అందుకే కొత్త జంటకి ఆ ఊరు మంచిదంటాను నేను.

తిరుపతి నించి డైరెక్ట్ ట్రైన్ ఉండాది గానీ తెల్లారకముందే బయల్దేరుతుంది, ఆ నిద్ర చెడగొట్టుకోవద్దు. కార్లో అయితే చిత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై, సెంజి మీదుగా నిదానంగా పోండి. దార్లోనే కదా అరుణాచలం, గిరిప్రదక్షిణ చేసేయండి అని మీ నానమ్మ అంటాది చూడు, అది 14 కిలోమీటర్లు! బయట నించే దండం పెట్టుకోని పోండి, ప్రదక్షిణకి ఇంకోసారి పోవచ్చు, నానమ్మకి నేను చెప్పుకుంటాలే.

శని ఆదివారాలు వద్దు, చెన్నై జనం, బెంగళూరు జనం అంతా ఆడే ఉంటారు, రూమ్ రేట్లు కూడా పెంచేస్తారు. సోమవారం దిగి గురువారం రండి. మాఘమాసం పెళ్లి కాబట్టి వాతావరణం బాగానే ఉంటాది, ఎండలు ముదిరేలోపల పోయి రావాల. రూము ఊరిబయట రిసార్ట్‌లో కాకుండా వైట్ టౌన్‌లో తీసుకోండి, ఆ పసుపు గోడల పాత ఇళ్లు ఉండే వైపు. సముద్రం ఎదురుగానే కావాలంటే డబ్బు జాస్తి, రెండు వీధులు లోపలికి పోతే సగం ఖర్చు మిగల్తాది, నడిస్తే ఐదు నిమిషాలు. ఇంకోటి, నీ ఆధార్ ఇంకా మీ నాయన పేరుమీదే, మన అడ్రస్‌తోనే ఉంది కదా, కొన్ని హోటళ్లలో గుచ్చి గుచ్చి అడుగుతారు, శుభలేఖ ఒకటి బ్యాగులో పెట్టుకో, ఫోన్లో తాళి కట్టే ఫోటో ఎట్లాగూ ఉంటాది.

బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నించి పొద్దన ఏడున్నర దాకా బండ్లు రానియ్యరు. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్ అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే, ఈ చివర నించి ఆ చివరకి కిలోమీటరున్నర. మాపటేళ ఒకసారి, సూర్యుడు సముద్రంలోనించి పైకొచ్చే టైముకి ఇంకోసారి నడవండి. మధ్యాహ్నం చానా షాపులు మూసేసి వాళ్లు కూడా పడుకుంటారు, మీరూ పడుకోండి, దానికి ఎవురూ ఏమీ అనరు. రోడ్డు పక్కనుండే బండలు మాత్రం ఎక్కొద్దు, పాచి పట్టి జారతాయి, సెల్ఫీ అని అల్లుడు పిలిచినా పోవద్దు. ఇసుకలో ఆడాలంటే చున్నాంబార్ నించి బోటులో ప్యారడైజ్ బీచ్‌కి పోవచ్చు, ఆడ కూడా మోకాళ్ల దాకే, లోపల లాగుడు ఎక్కువ. నీ తాళి ఇంకా పసుపుతాడు మీదే ఉంది కదా, తడిస్తే పసుపంతా బట్టలకి దిగుతుంది, ఆ రోజుకి ముదురు రంగు డ్రెస్ వేసుకో. నగలు ఇంట్లోనే పెట్టి పో.

కాణిపాకం పక్కనోళ్లం, మణకుళ వినాయకుణ్ణి చూడకుండా వస్తామా, అది ఒక పూట. ఆశ్రమంలో అరవిందుల సమాధి దగ్గర మాట్లాడకూడదు, ఫోన్ ఆఫ్. ఊరిబయట ఆరోవిల్‌లో మాతృమందిరం అని ధ్యానం చేసుకునే బంగారు గోళం ఉంటాది, దాని లోపలికి పోవాలంటే ముందే బుక్ చేసుకోవాల, కుదరకపోతే బయట నించి చూసి రండి, బాధ పడొద్దు. భాషకి భయం లేదు, మనకి అరవం వచ్చు కదా. కూరల్లో కారం చాలదు నీకు, రొంత ఊరిబిండి డబ్బాలో పెట్టుకో.

ఇప్పుడు అసలు మాట. తీరుబాటు దొరికితే పెళ్లి ముచ్చట్లు వస్తాయి, మీవాళ్లు మా అక్కకి చీర సరిగా పెట్టలేదు, మీ మామ భోజనాల కాడ ముఖం మాడ్చుకున్నాడు, ఇట్లాంటివి. నువ్వూ ఎత్తొద్దు, ఆయన ఎత్తినా నువ్వు లాగొద్దు. దానికి బదులు ఆయన చిన్నప్పుడు ఏ స్కూలు, దేనికి కోపమొస్తాది, జీతంలో ఇంటికి ఎంత పంపిస్తాడు, ఇవన్నీ మెల్లగా అడుగు, నీవి కూడా చెప్పు, నువ్వు ఉద్యోగం మానే ఆలోచన లేదని ఆడే చెప్పెయ్, ఇంటికొచ్చినాక నలుగురి మధ్యలో ఆ మాట రాకూడదు. ఏసీ ఎంత పెట్టాలనే దాని మీద గొడవ వస్తే రానీ, అందరికీ వచ్చేదే. ఇంటికి వీడియో కాల్ పొద్దన ఒకటి చాలు, మీ అమ్మ అలిగితే నా దగ్గరికి పంపు.

ఆ ఊర్లో మందు చవకని అల్లుడి ఫ్రెండ్స్ బాటిళ్లు తెమ్మని చెప్పింటారు, దార్లో చెక్‌పోస్టులు ఉన్నాయి, డిక్కీ తెరిపిస్తారు, కొత్త పెళ్లికూతుర్ని పెట్టుకోని పోలీసుల ముందు నిలబడే పని వద్దని గట్టిగా చెప్పు. నువ్వు చెప్పలేకపోతే ఫోన్ నాకియ్యి.

రూము చూసినాక డబ్బు కట్టకముందే ఫోటోలు, లొకేషన్ నాకు వాట్సాప్ చెయ్యి, బీచ్‌కి ఎంత దూరమో నేను చూసి చెప్తా.

మీ పెద్దమ్మ