వంక దాటే ముందు

తల్లీ,

నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు స్నేహితురాళ్ళతో బెంగళూరు నుంచి వచ్చి, నవంబర్ ఆఖరి వారంలో మూడు రోజులు మన చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో నడుస్తావంట. వినగానే ఎంత సంతోషమేసిందో! పెట్టేశాక కడుపులో దిగులు మొదలైంది. ముప్పయ్యేళ్ళు నర్సమ్మగా టీకాల పెట్టె మోసుకుంటూ ఆ పొలం గెనిమల మీద తిరిగినదాన్ని. మన ఇంట్లో ఎవరూ చెప్పకుండానే ఆ దారిన నడవాలనుకున్న పిల్లవి నువ్వొక్కదానివే. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే లేచి రాస్తున్నా.

టోపీ, నీళ్ళ సీసా, బాగా తొడిగి అలవాటైన బూట్లు. ఆరుకే బయలుదేరి పదకొండుకల్లా నీడ చేరండి. ఇవన్నీ నీకు తెలుసు.

మొదటి రోజు కోట అన్నావంట, మంచిదే. 1565 యుద్ధంలో ఓడిన విజయనగర రాజులు పెనుకొండకు వెళ్ళి, తర్వాత ఈ చంద్రగిరికే వచ్చారు. రాజమహల్లో పైకప్పు చూడు, కట్టె దూలం ఒక్కటీ కనిపించదు, అంతా రాయి, ఇటుక, సున్నం. అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం వెళ్ళండి. పెళ్ళయ్యాక స్వామి, అమ్మవారు ఆరు నెలలు అక్కడే ఉన్నారని మా అవ్వ చెప్పేది. కొత్త పెళ్ళికూతురు అత్తారింటికి పోయే ముందు ఆ గుడికి తీసుకెళ్ళేవాళ్ళు. నన్నూ తీసుకెళ్ళారు. దర్శనం కంటే దారిలో చెరుకు తోట పక్కన బెల్లం గానుగ దగ్గర ఆగి వేడి వేడి పాకం ఆకులో పోయించుకుని తిన్నదే నాకు బాగా గుర్తు.

రెండో రోజు రాయలచెరువు కట్ట మీద నడవండి. కృష్ణదేవరాయల కాలం చెరువు అది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కింద వరి కయ్యలు. గుడిమల్లం మాత్రం కాస్త దూరం. గాజు పూసలు చేసే పాపానాయుడుపేట దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి నడవండి. క్రీస్తు పుట్టక ముందుదని చెప్పే లింగం అక్కడుంది, దాని మీదే శివుడు నిలబడి ఉంటాడు. గర్భగుడి కిందికి ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు తల జాగ్రత్త.

కయ్యల్లో నడిచేటప్పుడు రైతును అడిగి నడవండి. కొత్తగా మట్టి వేసిన గెనిమ తొక్కితే కూలుతుంది, వాళ్ళ రెండు రోజుల కష్టం పోతుంది. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ తీగకు కరెంటు పెడతారు. పెట్టకూడదు, అయినా పెడతారు. తీగ కనిపిస్తే తాకొద్దు, దూరంగా పోండి. కొండ పక్క పల్లెల్లో చీకటి పడకముందే ఊళ్ళోకి రండి, ఏనుగులు దిగుతున్నాయి. పాము కరిస్తే కట్టు కట్టడాలు, కోయడాలు, నాటు మందులు వద్దు. కరిచిన కాలు కదపకుండా మనిషిని నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ విషయంలో నా మాట నర్సు మాటగా విను.

ఇప్పుడు వంక సంగతి. మీ నాయన నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

నా ఉద్యోగం రెండో ఏడు. కార్తీక మాసం. బడికి సెలవని వాడు నా వెంట పడ్డాడు, అప్పటికి పదేళ్ళు. వంక అవతలి పల్లెలో టీకాలు వేయాలి. పెట్టెలో ఐసు కరుగుతోంది, తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఎదురు చూస్తుంటారు, రోడ్డున పోతే నాలుగు కిలోమీటర్లు చుట్టు. మా మీద ఎండ కాస్తోంది. శేషాచలం కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకుని ఉంది. వంకలో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. గట్టు మీద మేకలు తోలుకునే తాత అన్నాడు, "నర్సమ్మా, నీళ్ళు ఎర్రగా తిరిగినాయి, ఆకులు కొట్టుకొస్తాండాయి, దాటబాకమ్మా" అని. నాకు ఇరవై మూడేళ్ళు. చదువుకున్నదాన్ని, గవర్నమెంటు నర్సును. మేకలాయనకేం తెలుసు అనుకున్నాను.

సగం దాటేసరికి నీళ్ళు మోకాళ్ళ పైకొచ్చాయి, ఇంకో నాలుగడుగులకు నడుముకొచ్చాయి. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. తల మీద పెట్టె ఒక చేత్తో పట్టుకున్నా, ఇంకో చేత్తో వాడి మణికట్టు. ఆ చేయి జారింది. పెట్టె మాత్రం నా తల మీదే ఉంది తల్లీ. పెట్టెను వదల్లేదు, తమ్ముడి చేయి వదిలాను.

వాడు కొట్టుకుపోయి ఒక కానుగ చెట్టు వేళ్ళకు తగులుకున్నాడు. ఆ తాతే గట్టు వెంట పరుగెత్తి కర్ర అందించి లాగాడు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, కాలువలో ఆడుకుంటూ పడ్డానని చెప్పి, దెబ్బలు వాడే తిన్నాడు. అది చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. అమ్మకు ఈ సంగతి ఎప్పటికీ తెలియలేదు. నీ చిన్నప్పుడు ఈత నేర్పించమంటే మీ నాయన కసురుకునేవాడు కదా, కారణం ఇదే.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మన వంకల్ని నమ్మకూడదు. వాన పడేది కొండ మీద, నీళ్ళొచ్చేది నీ కాళ్ళ కిందికి. ఏడాదంతా ఇసుకగా ఉండే స్వర్ణముఖి 2021 నవంబర్‌లో ఎలా పారిందో టీవీలో చూశావు. రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని కింది పల్లెలన్నీ ఖాళీ చేయించారు. అందుకే అడుగుతున్నా, సంక్రాంతి తర్వాతకు మార్చుకో. మార్చుకోకపోతే తిట్టను, కానీ నీళ్ళు రంగు మారితే వెనక్కి తిరుగు. మేకలాయన వద్దంటే ఆగు. ఆ చుట్టు దారి నాలుగు కిలోమీటర్లే తల్లీ, గంట నడక.

జనవరి అయితే చెరుకు గానుగలు ఆడుతుంటాయి, శెనక్కాయలు కాల్చి పెడతారు. కనుమకే వస్తే రంగంపేటలో పశువుల పండగ చూడొచ్చు, కాకపోతే పశువుల్ని వీధిలోనే ఉరికిస్తారు, అక్కడ నిలబడొద్దు, ఎవరి మిద్దె అయినా ఎక్కి చూడండి. ఎవరైనా మజ్జిగ ఇస్తే తాగండి, డబ్బులు ఇవ్వబోయి వాళ్ళను చిన్నబుచ్చొద్దు.

ఒకరోజు మీ నాయన్నూ తీసుకురా. ఆ వంక మీద ఇప్పుడు వంతెన ఉంది. ముగ్గురం కలిసి దాటుదాం. ఒకరోజు ముందే ఫోన్ చెయ్యి, పితికిపప్పుకు అనపగింజలు రాత్రే నానబెట్టాలి.

మీ అత్త